ముడి లేని దారం

పోయిన వారం మనం స్వర్ణను వంటింటి గట్టు దగ్గర వదిలేసి వచ్చాం. చేతిలో వేళ్లకు అంటుకుపోతున్న ఒక నక్షత్రం, ఎదురుగా తల దించుకుని నిలబడ్డ కిష్టవ్వ. క్రిస్మస్ చెట్టుకు వేలాడదీసే రెసిన్ బొమ్మలు చేసిస్తానని గిఫ్ట్ షాపు ఫైజాకు మాటిచ్చింది స్వర్ణ. నక్షత్రాలూ, గంటలూ అచ్చుల్లో పోసి, లోపల ఎండిన గునుగు పూలు, బంతి రేకులు అమర్చి, ఒక రోజంతా ఓపిక పట్టి, ఎంతో ఆశగా ఊడదీసింది. తీరా చూస్తే ఒక్కటీ పనికొచ్చేలా లేదు. గాజులా మెరవాల్సినవి మసకబారి, ఒళ్లంతా గుంటలు పడి, బెల్లం పాకంలా జిగురుజిగురుగా తేలాయి.

ఎందుకలా అయిందో కిష్టవ్వే చెప్పింది. "అచ్చులకు జెరంత కొబ్బరినూనె రాసిన బిడ్డా. లేకుంటె ఊడొస్తదా?"

ఇడ్లీ రేకులకు నూనె రాయకుండా పిండి పోయని చెయ్యి అది. స్వర్ణ గుంటలు గుంటలుగా ఉన్న అచ్చులు కడిగి ఆరబెట్టి వెళ్తే, పాపం ఈ పిల్ల మరిచిపోయిందనుకుని, ప్రేమగా, ప్రతి గుంటకూ వేలితో నూనె పూసింది. సిలికాన్ అచ్చుకు నూనె అక్కర్లేదని, నూనె తగిలితే రెసిన్ పాడవుతుందని ఆమెకు ఎవరు చెప్పారు గనుక? స్వర్ణ చెప్పలేదు. చెప్పనిది తనేనని తెలిసి కూడా స్వర్ణకు ఒళ్లు మండింది. నోరు జారింది. "నీకో దండం అవ్వా. రేపు ఇటు రాకు," అనేసింది. కిష్టవ్వ మారు మాట్లాడకుండా చెంగుకు చెయ్యి తుడుచుకుని వెళ్లిపోయింది.

అది శుక్రవారం సంగతి. ఇప్పుడు ఆదివారం పొద్దున.

అబుదాబి శివారు మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో ఆ విల్లాను ఇంటి యజమాని ఎన్ని ముక్కలు చేసి అద్దెకిచ్చాడో ఆయనకే తెలియాలి. ముందు వైపు రెండు గదుల ముక్కలో స్వర్ణ, ఆమె భర్త రాజశేఖర్ ఉంటారు. వెనక, బట్టలారేసే చోటు పక్కన ఉన్న గది కిష్టవ్వది. జగిత్యాల వైపు మనిషి. గల్ఫ్ వచ్చి ఎన్నేళ్లయిందంటే, వచ్చినప్పుడు నల్లగా ఉన్న జుట్టు ఇక్కడే తెల్లబడింది. నాలుగిళ్లలో వంట చేస్తుంది. ఈ ఎండాకాలం దాటాకే ఈ విల్లాలోకి వచ్చింది. వచ్చిన వారానికే స్వర్ణ గుమ్మంలో నిలబడి, "ఏం చేస్తున్నవు బిడ్డా, నేను గూడ కూసుంటనా?" అని అడిగింది. అప్పటినుంచి తీరిక దొరికితే ఇక్కడే.

రెసిన్ పని చూడ్డానికి పిల్లల ఆటలా ఉంటుంది గానీ, మహా పట్టింపుల పని. రెండు సీసాల్లో రెండు ద్రవాలు. చెప్పిన కొలతలో కలిపితే రేపటికి రాయిలా గట్టిపడతాయి. కొలత కాస్త తప్పితే ఎల్లుండికి కూడా గట్టిపడవు. గబగబా కలిపితే బుడగలు, నెమ్మదిగా కలిపితే చేతినొప్పి. పైకి తేలిన బుడగల మీద లైటర్ మంట అలా అలా ఆడించాలి. బయట ఉక్కపోతగా ఉంటే ఏసీ ఆపకూడదు. ముక్కుకు మాస్కు, చేతులకు గ్లవ్స్. రాజశేఖర్ అయితే, "నీకంటె మా ఫ్యాక్టరీల కెమికల్ సెక్షన్ నయం," అంటాడు.

నిన్న శనివారమంతా స్వర్ణ ఒక్కతే మళ్లీ మొదటినుంచి చేసింది. అచ్చులను సబ్బుతో రుద్ది రుద్ది కడిగింది. కడుగుతున్నంతసేపూ వెనక గది తలుపు చప్పుడవుతుందేమోనని చెవి అటే పెట్టింది. చప్పుడు కాలేదు. కోపం శుక్రవారం సాయంత్రానికే చల్లారిపోయింది. మిగిలింది సిగ్గు. అమ్మలాంటి మనిషిని రావద్దంటానా అని తనను తానే తిట్టుకుంటూ పూలు పేర్చింది. తిట్టుకున్నది గానీ, నాలుగడుగులు వేసి వెనక గదికి వెళ్లి ఆ మాటే చెప్పిందా అంటే, లేదు. మనలో చాలామందికి ఆ నాలుగడుగులే కష్టం.

ఈ పొద్దున అచ్చులు వంచి ఊడదీస్తే నక్షత్రాలు టప్ టప్‌మని చేతిలో పడ్డాయి. నీళ్లలా తేటగా ఉన్నాయి. గునుగు పూల గులాబి రంగు ఒక్క పిసరు తగ్గలేదు. కిటికీకి ఎదురుగా పట్టుకుని చూసి స్వర్ణ హమ్మయ్య అనుకుంది. రేపు ఫైజా మనిషి వచ్చి పెట్టె తీసుకుపోతాడు. శుక్రవారం ఫోన్ చేసి జరిగింది చెప్పినప్పుడు ఫైజా ఒక్క మాట కూడా అనలేదు. "సోమవారం ఇవ్వు, తొందరేం లేదు," అంది. అది తలచుకున్నప్పుడల్లా స్వర్ణకు ఆమె మీద గౌరవం పెరుగుతోంది, కిష్టవ్వ ముందు తను మరీ చిన్నదైపోతోంది.

ఇక మిగిలింది వేలాడదీసే ఏర్పాటు. ఎప్పుడూ పోసేటప్పుడే బంగారు రంగు బుల్లి కొక్కేలు గుచ్చేది. ఉన్న కొక్కేలన్నీ శుక్రవారం పాడైన వాటిలో ఇరుక్కుపోయాయి. దుకాణంలో కొత్తవి లేవు. కాబట్టి ఈసారి పైన కన్నం మిగిల్చి పోసింది, ఇక ఎర్ర దారమే దిక్కు. స్వర్ణ దారం ఉండ పట్టుకుని కూర్చుంది. మొదటి నక్షత్రానికి వేసిన ముడి లావుగా, మొటిమలా వచ్చింది. రెండోది ఊడిపోయింది. మూడోదానికి దారమే చిక్కుపడింది.

ఆదివారం కదా, రాజశేఖర్‌కు సెలవే. సెలవంటే ఇంట్లో ఉంటాడని కాదు. కటింగ్ చేయించుకుని, చేపలు కొని, దారిలో కనిపించిన ఊరివాళ్లందరినీ పలకరించి వచ్చేసరికి మధ్యాహ్నమవుతుంది.

వెనక తలుపు కిర్రుమంది. కిష్టవ్వ వచ్చి గోడవారగా నిలబడింది. స్వర్ణ తలెత్తింది. 

"రావద్దన్నవు. నిన్న రాలే," అంది కిష్టవ్వ. "ఇయ్యాల్టి సంగతి చెప్పలేదు గదా అని వచ్చిన."

స్వర్ణకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "కూసో అవ్వా," అంది. 

కిష్టవ్వ గోడకు ఆనుకుని కాళ్లు బారజాపి కూర్చుంది. అడక్కుండానే ఓ స్టీలు పళ్లెం తీసి ఒళ్లో పెట్టుకుంది. అందులో నక్షత్రాలు పోసుకుంది. దారం కొస నోటితో తడిపి, కన్నంలోంచి దూర్చి, రెండు కొసలూ కలిపి పట్టుకుని, ఇంకో పోగు దానిమీద చుట్టి, బొటనవేలి గోటితో ఒక్క నొక్కు నొక్కి పక్కన పెట్టింది. ఇంకోటి తీసుకుంది. చేతులు ఎంత వేగంగా ఆడుతున్నాయంటే చూసేవాళ్లకు ఆనవాలు దొరకదు. కళ్లు దారం మీద లేవు, కిటికీ మీద ఉన్నాయి.

"శుక్రవారం నేనట్ల అనద్దుండె," అంది స్వర్ణ, దారం చిక్కు తీస్తున్నట్టు నటిస్తూ. "నూనె రాయద్దని నేను చెప్పలే. తప్పు నాది."

"అననీ బిడ్డా. కడుపుల మంట ఎవలమీదన్న పోసుకోవాలె గదా. ఇంట్లోళ్ల మీదనే పోస్తం, బయటోళ్ల మీద పోస్తమా?"

ఇంట్లోళ్లు అన్న ఆ మాటకు స్వర్ణ మనసు తేలికపడింది. లేచి వెళ్లి చాయ్ పెట్టి తెచ్చింది. గ్లాసు కిష్టవ్వ పక్కన పెట్టి, కట్టిన నక్షత్రాల్లోంచి ఒకటి తీసి వెలుతురులో చూసింది. ముందు వైపు చూసింది. వెనక్కి తిప్పింది. దారం దగ్గర చూపు ఆగింది.

"ముడేది అవ్వా?"

"ముడెందుకు? సుట్టి దోపిన."

స్వర్ణ దారం పట్టుకుని లాగింది. రాలేదు. గట్టిగా లాగింది. ఊహూఁ. మూడు చుట్లు, బిగువుగా, ఒకదాని పక్కన ఒకటి. కొస ఎక్కడా కనిపించదు. చుట్ల కిందికి దోపేసి ఉంది. ముడి అన్నదే లేదు.

స్వర్ణ చేతిలో నక్షత్రం అలాగే ఉండిపోయింది.

ఈ వారమే ఈ కథ చేతికి తీసుకున్నవాళ్ల కోసం ఇక్కడ కాస్త ఆగాలి. కరోనా ఏడు స్వర్ణ ఇంకా ఊళ్లోనే ఉంది. రాజశేఖర్ ఇక్కడి పారిశ్రామికవాడ ఐకాడ్‌లో కంపెనీ క్యాంపులో ఉండేవాడు. జ్వరం తగిలి, అతన్ని వేరే గదిలో ఒంటరిగా పెట్టారు. కంపెనీ అన్నం వచ్చేది, గొంతు దిగేది కాదు. రుచి లేదు, వాసన లేదు, బతుకు మీద ఆశ కూడా అంతంత మాత్రమే. అప్పుడు మొదలైంది ఆ పొట్లం. రోజూ మధ్యాహ్నం గేటు దగ్గరికి వచ్చేది. గేటు కాసే అల్లాబకాష్ తెచ్చి గుమ్మం ముందు పెట్టి పోయేవాడు. మెత్తగా ఉడికిన అన్నం, పచ్చిపులుసు, ఒకరోజు జొన్న గటక, ఒకరోజు మక్కగారెలు. ఎవరు పంపారంటే కూరగాయల వ్యాను వాడు ఇచ్చాడని చెప్పేవాడు అల్లాబకాష్. వ్యాను వాడిని అడిగితే, దారిలో ఎవరో ఆపి చేతిలో పెడతారు, నాకు పేరు తెలియదనేవాడు.

ఆ కవరు మూతి మడిచి, దారం మూడు చుట్లు చుట్టి, కొస కిందికి దోపి ఉండేది. ముడి ఉండేది కాదు. రాజశేఖర్ తల్లి సమ్మవ్వ బతుకంతా బీడీలు చేసింది. ఒళ్లో చాట, చాటలో తునికాకు, చేతిలో దారం. బీడీకి ముడి వేస్తూ కూర్చుంటే పూట గడవదు. అందుకే చుట్టి దోపుతారు. ఇంట్లో చక్కెర పొట్లమైనా, పసుపు పొట్లమైనా ఆమె అలాగే కట్టేది. ఆమె పోయిన మరుసటి ఏడు, పరాయి దేశంలో, జ్వరం మంచం మీద పడి ఉన్న కొడుకు ఆ దారం చూసి ఏమైపోయి ఉంటాడో మీరే ఆలోచించండి. "అవ్వనే పంపుతుందేమో అనిపించేది స్వర్ణా," అని చెప్పాడు తర్వాత. ఆ దారం విప్పడానికి మనసొప్పక ముందు కాసేపు చూస్తూ కూర్చునేవాడట. ఆ తర్వాతే తినేవాడట. అలా తిని తిని లేచాడు.

స్వర్ణ ఇక్కడికి వచ్చిన రోజునుంచి ఆ చేతుల కోసం వెతుకుతోంది. తన పసుపుకుంకుమలు నిలబెట్టిన ఆ మనిషి ఎవరో తెలిస్తే ఒక్కసారి ఆ చేతులు పట్టుకోవాలి, అంతే. తెలుగు మెస్సుల్లో అడిగింది. బతుకమ్మ ఆటలో కలిసిన ఆడవాళ్లందరినీ అడిగింది. ఒకసారి, "కల్బాల మీ అన్న ఉన్నడు గదా, ఆయనకేమన్న ఎరుకనేమో," అని రాజశేఖర్‌తో అని నాలుక కరుచుకుంది. దేశానికి ఆ చివర కల్బాలో పనిచేసే అన్న రాజమౌళి పేరెత్తితే రాజశేఖర్ కంచం ముందునుంచి లేచిపోతాడు. ఆ రోజూ లేచిపోయాడు.

ఇప్పుడా మూడు చుట్లు స్వర్ణ అరచేతిలో ఉన్నాయి.

"అవ్వా, నువ్వు బీడీలు చేసేదానివా?"

"మా దిక్కు బీడీలు చెయ్యని ఆడిది ఎవలున్నరు బిడ్డా."

"కరోనాల ఏడున్నవు?"

కిష్టవ్వ చేతులు ఒక్క క్షణం ఆగి మళ్లీ కదిలాయి. "ఏడుంట? గీ పక్కనున్న మస్సఫాలనే ఉన్న. చాయ్ సల్లారుతుంది, నువ్వు తాగలే."

"ఐకాడ్ క్యాంపుకు అన్నం కట్టి పంపినవా?"

"అందరు అందరికీ పంపిన్రు అప్పుడు. ఎవలు యాది వెట్టుకుంటరు?"

నీళ్లు నమిలే మనిషిని స్వర్ణ ఎప్పుడూ వదిలిపెట్టలేదు. దగ్గరికి జరిగి, ఆమె ఒళ్లోని పళ్లెం తీసి పక్కన పెట్టింది. రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. ఎండి, గరుకుగా, ఉల్లిపాయ వాసన వేసే చేతులు. "నా కండ్లల్లకు జూసి చెప్పవ్వా. కవరు మూతికి దారం సుట్టి, కూరగాయల వ్యాన్ల పంపినవా లేదా?"

కిష్టవ్వ చూడలేదు. కిటికీ వైపు తిరిగింది. "పంపిన," అంది.

స్వర్ణ వంగి ఆ చేతులు కళ్లకు అద్దుకుంది. ఎన్ని మాటలు దాచుకుంది ఈ రోజు కోసం. నీ కడుపు సల్లగుండ అనాలనుకుంది, నువ్వు లేకపోతే నేనెక్కడుండేదాన్ని అనాలనుకుంది. ఒక్కటీ గుర్తు రాలేదు. ఏడుస్తోంది, మధ్యలో నవ్వుతోంది. ఇంత దగ్గర, ఇదే గోడకు అవతల ఉన్న మనిషిని, రెండు రోజుల కింద తన నోటితో రావద్దని పంపిన మనిషిని, అబుదాబి అంతా వెతికింది తను. కాళ్ల మీద పడబోతే కిష్టవ్వ చటుక్కున కాళ్లు ముడుచుకుంది.

"నాకు మొక్కకు. వండిన, కట్టిన, గంతే. పంపిచ్చినోళ్లు వేరే."

"ఎవలు?"

"చెప్ప. ఒట్టు పెట్టిన."

సరిగ్గా అప్పుడే ముందు తలుపు తెరుచుకుంది. కొత్త కటింగ్‌తో, చేతిలో చేపల సంచీతో రాజశేఖర్ లోపలికి వచ్చాడు. భార్య కళ్లు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఏమైంది? మళ్ల పాడైనయా బొమ్మలు?"

స్వర్ణ ఏమీ చెప్పకుండా నక్షత్రం అతని చేతిలో పెట్టి, దారం మీద వేలు పెట్టి చూపించింది. రాజశేఖర్ చూశాడు. చేపల సంచీ చేతిలోంచి జారి నేలమీద పడింది. తీసుకోవాలని తోచలేదు. దారం కొస కోసం గోటితో వెతికాడు, దొరకలేదు. దొరకదని అతనికి తెలుసు. తలెత్తి గోడవారగా కూర్చున్న కిష్టవ్వను చూశాడు. మూడు నెలలుగా రోజూ చూస్తున్న మనిషినే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

"నువ్వా అవ్వా," అన్నాడు. వచ్చి ఆమె ఎదురుగా నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. "నేను బతికిన. నీ అన్నం తిని బతికిన."

"అల్లాబకాష్ చెప్పిచ్చిండు, లేసి తిరుగుతున్నవని. గానాడు నేను ఉప్పు ఏసుకోకుండ తిన్న, గంత సంబురమైంది," అంది కిష్టవ్వ. ఎదుటివాళ్ల సంతోషం ఆమెకు కూడా అంటుకుంటోంది. "మీ అవ్వ, నేను ఒక్క కార్ఖానల బీడీలిచ్చేటోళ్లం. మా ఊరు వేరే, నన్ను నువ్వెరుగవు. నేను దుబాయ్ వచ్చినప్పుడు నువ్వు గింతంత ఉంటివి."

రాజశేఖర్ తల ఊపుతూ విన్నాడు.  "ఒకటి అడుగుత అవ్వా. యాడ జూసినా వంకాయనే. మెస్సుల వంకాయ, క్యాంపుల వంకాయ. నువ్వు పంపిన దాంట్ల ఒక్కనాడు గూడ వంకాయ లేకుండె. నా నసీబు మంచిగుంది అనుకున్న."

"నసీబు గాదు. వద్దని చెప్పిన్రు గద. పిలగానికి వంకాయ వడది, నోరంత పొక్కుతదని."

అనేశాక కిష్టవ్వ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

 స్వర్ణ భర్త ముఖం చూసింది. అతనికి వంకాయ పడదని తెలిసినవాళ్లు లోకంలో ఎందరని? తల్లి. అప్పటికే లేదు. పెళ్లాం. ఆ రోజుల్లో ఊళ్లో కూర్చుని దేవుళ్లకు ముడుపులు కట్టడం తప్ప ఏమీ చేయలేకపోయింది, కిష్టవ్వ అనే మనిషి ఉందనే తెలియదు. ఇక మిగిలింది ఒక్కరే. చిన్నప్పుడు తల్లి బీడీల మీద కూర్చుంటే తమ్ముడికి అన్నం కలిపి పెట్టినవాడు. స్వర్ణ ఆ పేరు పలకబోయి ఆగింది. ఈ ఇంట్లో ఆ పేరు పలికే హక్కు ఒక్కరికే ఉంది.

"అన్న," అన్నాడు రాజశేఖర్.

"నేను పేరు చెప్పలే," అంది కిష్టవ్వ వెంటనే. "నా ఒట్టు నాకున్నది."

అన్నదమ్ముల మధ్య వచ్చింది చిన్న గొడవ కాదు. సమ్మవ్వ చనిపోయినప్పుడు రాజశేఖర్‌కు ఇంకా పెళ్లి కాలేదు, కొత్తగా పనిలో చేరి ఉన్నాడు. వీసా స్టాంపింగ్‌కు ఇచ్చిన పాస్‌పోర్ట్ కంపెనీలో ఉంది. ఆ సమయంలో వదిలి వెళ్తే ఉద్యోగం పోతుంది. తమ్ముడికి చెప్పొద్దని ఊళ్లో అందరికీ ఫోన్ చేసి బతిమాలింది రాజమౌళే. తను వెళ్లి తలకొరివి పెట్టి, దినాలు చేసి, తిరిగొచ్చాక చెప్పాడు. తల్లి చివరి చూపు తమ్ముడికి దక్కలేదు. అన్నీ అయిపోయాక తెలిసిన ఆ చావును రాజశేఖర్ ఈ రోజుకూ మింగలేకపోయాడు. ఆ రోజునుంచి అన్న ఫోన్ ఎత్తలేదు. నంబరు కూడా తీసేశాడు.

"అవ్వ సచ్చిపోయింది దాసిండు," అన్నాడు రాజశేఖర్ నెమ్మదిగా, దారం మీదనుంచి చూపు తిప్పకుండా. "గిది గూడ దాసిండు."

"తప్పు చేసిండు బిడ్డా, నేను కాదన," అంది కిష్టవ్వ. ఇక దాచి లాభం లేదని ఆమెకూ అర్థమైంది. "చావు దాసుడు తప్పే. అవ్వెంట కార్ఖానకు వచ్చేటోడు, చిన్నప్పటిసంది నన్ను చిన్నవ్వ అంటడు, నేను గా మాటనే అన్న. 'తప్పే చిన్నవ్వా, గని వాడు బతకాలె గదా' అన్నడు. కరోనాల నీకు జరమని ఎట్ల తెలిసిందో తెలిసింది. అబుదాబి బోర్డర్ బంద్ ఉండె. అయినా బండి కిరాయి తీస్కొని బోర్డర్ దాక వచ్చిండు. పోలీసోళ్లు మర్రగొట్టిన్రు. గాడ రోడ్డు పక్కకు నిలవడి నాకు ఫోన్ చేసిండు. ఏడుస్తుండు. ఇంతంత మనిషి. 'చిన్నవ్వా, నువ్వు వండు, అవ్వ కట్టినట్టు కట్టు, నా పేరు చెప్పకు. నా పేరు వింటే తినడు' అన్నడు."

అది నిజం. తినేవాడు కాదు. రాజశేఖర్‌కు ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. స్వర్ణ వెళ్లి అతని వీపు మీద చెయ్యి వేసింది. ఆమెకు విచిత్రంగా అనిపించింది. ఇన్నేళ్లూ ఎవరికో కృతజ్ఞతగా ఉన్నాను అనుకుంది. ఆ ఎవరో తన బావగారే. పండక్కి కూడా తను ఫోన్ చేసి ఎట్లున్నరు అని అడగని బావగారికి, తెలియకుండానే రోజూ దండం పెట్టుకుంది. పెట్టుకున్నందుకు ఇప్పుడు సంతోషంగా ఉంది. ఒక్క పూట కూడా వృథా పోలేదు అనిపించింది.

"నువ్వీ విల్లాలకు వచ్చింది గూడ ఆయన చెప్తేనేనా?" అని అడిగింది.

"చెప్పలే. 'తమ్ముడు ఆడ ఉంటుండట, పెండ్లాం గూడ వచ్చిందట' అన్నడు. గంతే. నాకే బుద్ధి పుట్టింది, రూము ఖాళీగున్నది అంటె వచ్చిన." కిష్టవ్వ ఒళ్లో చేతులు ఒకదానిలో ఒకటి పెట్టుకుంది. "ఇంకో ముచ్చట ఉన్నది. ఇది చెప్పొద్దని ఒట్టు పెట్టలే, నేను చెప్తున్న. ఆయన రేపు పోతుండు."

"యాడికి?" రాజశేఖర్ చేతులు తీసి చూశాడు.

"ఊరికి. ఖలాస్. వీసా కాన్సిల్ చేయించుకున్నడు. మోకాళ్లు పనిచేస్తలేవట, కంపెనీ ముదీర్‌తోని మాట్లాడి లెక్క తెంపుకున్నడు. పొద్దుగాల ఫ్లైట్. ఇగ రాడు."

రాజశేఖర్ లేచి నిలబడ్డాడు. మళ్లీ కూర్చున్నాడు. "నంబర్ లేదు నా దగ్గర," అన్నాడు. పెద్దవాడి గొంతు కాదది.

కిష్టవ్వ బొడ్లో దోపుకున్న సంచీలోంచి ఫోన్ తీసింది. ఆమెకు ఒక చెవి సరిగా వినపడదు, అందుకే ఎప్పుడు మాట్లాడినా స్పీకర్‌లోనే. ఈ మూడు నెలల్లో వెనక గదిలోంచి వినపడే ఆ మాటలు స్వర్ణ ఏనాడూ పట్టించుకోలేదు. నంబరు నొక్కి ఫోన్‌ను నేలమీద, ముగ్గురి మధ్య పెట్టింది. రెండు రింగులకే ఎత్తారు.

"చెప్పు చిన్నవ్వా. నేనే చేద్దామనుకుంటున్న." బరువైన గొంతు, కాస్త ఆయాసం. వెనక ఎవరో టేపు చింపి అట్టపెట్టెకు అంటిస్తున్న చప్పుడు. "సామాన్లు గట్టుడైంది. తమ్ముడు మంచిగున్నడా?"

కిష్టవ్వ రాజశేఖర్ వైపు చూసింది. "మంచిగనే ఉన్నడు."

"మొన్న దగ్గుతుండన్నవు. తక్కువైందా?"

"అయింది."

"సలికాలం ఆనికి గట్లనే అయితది, చిన్నప్పటిసంది. రాత్రి ఏసీ బంద్ పెట్టుకోమని ఆ పిల్లకు చెప్పు. నేను చెప్పమన్న అని చెప్పకు."  టేపు చప్పుడు ఆగింది. "నేను పోయినంక గూడ నీకు ఫోన్ చేస్త చిన్నవ్వా. ఇసుక్కోకు. వేరే ముచ్చట ఏం అడగ. మంచిగున్నడు, తిన్నడు, గంత చెప్తె సాలు నాకు."

స్వర్ణ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రాజశేఖర్ ఫోన్ మీదికి వంగాడు.  ఊపిరి పీల్చుకుని ఇంకా దగ్గరికి జరిగాడు.

"అన్నా."

అవతల మనిషి ఉన్నాడు, ఆయాసం వినిపిస్తోంది. ఏదో కిందపడిన చప్పుడైంది. ఒక్క మాట వస్తుందని ముగ్గురూ ఆ ఫోన్‌నే చూస్తూ కూర్చున్నారు. మాట రాలేదు. లైను తెగిపోయింది.

కిష్టవ్వ మళ్లీ నొక్కింది. మోగి మోగి ఆగింది. ఇంకోసారి నొక్కేసరికి స్విచాఫ్ అని వచ్చింది.

"భయపడ్డడు," అంది కిష్టవ్వ. "నువ్వు తిడ్తవని భయపడ్డడు."

స్వర్ణ తలెత్తేసరికి రాజశేఖర్ గుమ్మం దగ్గర ఉన్నాడు. ఒక చెప్పు వేసుకుని రెండోదాని కోసం కాలితో వెతుకుతున్నాడు. చేతిలో కారు తాళాలున్నాయి.

"అవ్వా, కల్బాకు నువ్వు గూడ రా," అన్నాడు. "నన్నొక్కన్ని జూస్తె తలుపు తియ్యడు."